టీవీ వంటగదిలో కుళాయికి నీళ్లు రావు

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? మైకు కొంచెం కిందకి వంచుతాను, ఆగండి... ఆ, ఇప్పుడు బావుంది.

నన్ను పిలిచినప్పుడు వంటగది గురించి మీకు తోచింది మాట్లాడండి అన్నారు. తోచింది మాట్లాడమంటే ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలీదు కాబట్టి నేను బాగా ఎరిగిన చోటి నుంచే మొదలుపెడతాను. ఒక టీవీ వంటల కార్యక్రమంలో నేను మూడేళ్లు పనిచేశాను. తెర మీద ఎప్పుడూ కనిపించలేదు. కూరగాయలు కడగడం, తరగడం, చిన్న చిన్న గాజు గిన్నెల్లో సర్ది వరసగా పెట్టడం, షూటింగ్ అయ్యాక గిన్నెలు తోమడం, పొద్దున్నే కత్తులకి పదును పెట్టడం, ఇదీ నా పని. ఛానెల్ పేరు, ఆ వంటావిడ పేరు చెప్పను, ఈ మాటకి వాటి అవసరం లేదు.

చేరిన మొదటి రోజు చేతులు కడుక్కుందామని సెట్‌లో ఉన్న సింకు దగ్గరికి వెళ్లాను. తళతళలాడే కుళాయి, ఇప్పుడే పెట్టెలోంచి తీసినట్టుంది. తిప్పాను, నీళ్లు రాలేదు. ఇంకో వైపు తిప్పాను, రాలేదు. కింద తలుపు తీసి చూస్తే అసలు పైపే లేదు, ఒక ప్లాస్టిక్ బకెట్ బోర్లించి ఉంది, అంతే. లైట్లు సర్దే అతను చూసి, "అది చూడ్డానికండీ, నీళ్లు వెనక గదిలో ఉంటాయి" అన్నాడు. వెనక గది అంటే సెట్టు గోడకి అవతల ఇనుప బల్లలు, రెండు పెద్ద తొట్లు, నాలుగు స్టవ్‌లు, నేల మీద ఎప్పుడూ తడి. అసలు వంట జరిగేది అక్కడ. చూసేవాళ్లకి మటుకు ఆ కిటికీ పక్కన, ఆ పూలకుండీ పక్కన, నీళ్లు రాని ఆ కుళాయి పక్కన జరిగినట్టు ఉండేది. కిటికీకి అవతల కూడా ఏమీ లేదు, పొద్దుటి ఎండ లాగా కనబడాలని ఒక లైటు పెట్టేవాళ్లు.

ఇదంతా మోసం అని చెప్పడానికి నేను రాలేదు. నాటకంలో రాజుగారి కిరీటం బంగారం కాదని మనం కోప్పడం కదా. ఆ రోజు సాయంత్రం జరిగింది చెప్పాలి. ఇంటికొచ్చి లైటు వేస్తే నా వంటగది కనబడింది. స్టవ్ వెనక గోడ మీద నూనె చింది చింది ముదురు రంగుకి తిరిగిన పలకలు, పిడి ఊడిపోతే స్క్రూకి గుడ్డ చుట్టి వాడుకుంటున్న మూత, సింకులో పొద్దుటి గిన్నెలు, గట్టు మూల మసిగుడ్డ. సిగ్గేసింది. పొద్దున్నే నా చేత్తో ఆ కుళాయి తిప్పి చూసొచ్చిన నాకు, ఆ గోడలు అట్టవని తెలిసిన నాకు, సాయంత్రానికి నా సొంత వంటగది చూసుకుంటే సిగ్గేసింది. తెలిసిన నాకే ఇలా ఉంటే తెలియనివాళ్ల సంగతేంటి అని ఆ రాత్రి గిన్నెలు తోముకుంటూ అనుకున్నాను. ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఎవరింటికైనా వెళ్లి చూడండి. మంచినీళ్లు తెచ్చుకుందామని వంటగది వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఇంటివాళ్లు మనకంటే ముందు అందుకుంటారు, "అయ్యో, అటు చూడకండి, అంతా చిందరవందరగా ఉంది" అని. నేనూ అంటాను. వడ్రంగి దగ్గరికి వెళ్తే కింద చెక్కపొట్టు ఉంటుంది, దర్జీ దగ్గర గుడ్డ ముక్కలు ఉంటాయి, వాళ్లెవరూ మనకి సంజాయిషీ ఇచ్చుకోరు. పని జరిగే చోటు అలాగే ఉంటుందని వాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. రోజూ పూటపూటా పని జరిగే ఈ గదిలో మాత్రం పని జరిగిన ఆనవాలే ఉండకూడదని ఎందుకు అనుకుంటున్నాం?

దీనికి టీవీని ఒక్కదాన్నే అనడానికి లేదు. టీవీ రాకముందే వంటగది ఎలా ఉండాలో వేరేవాళ్లు తేల్చడం మొదలైంది. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేల కొద్దీ కొత్త ఇళ్లు కడుతున్నప్పుడు మార్గరెట్ షూట్టె లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ ఒక వంటగది గీసింది. వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు, పొడవు మూడున్నర మీటర్ల లోపే. రైళ్లలో భోజనాల పెట్టె ఉంటుంది చూడండి, అంత ఇరుకులో అంతమందికి వండి పెడుతున్నారు కదా అని దాన్ని చూసి నేర్చుకుంది. ఏ పనికి ఎంతసేపు పడుతుంది, ఎన్నడుగులు వెయ్యాలి అని గడియారం పట్టుకుని చూసిన లెక్కల మీద ఆ గది కట్టారు. బియ్యం, పంచదార లాంటివాటికి ముక్కు ఉన్న అల్యూమినియం సొరుగులు, లాగి తిన్నగా గిన్నెలోకి వంపుకోవడమే. కూర్చుని తరుక్కోడానికి స్టూలు, కావలసిన వైపుకి జరుపుకునే దీపం. అలాంటివి సుమారు 10,000 వంటగదులు కట్టారు. ఇవాళ మాడ్యులర్ కిచెన్ అని మనం దేన్ని అంటున్నామో దానికి తల్లివేరు అదే.

ఆవిడే తర్వాత చెప్పింది, ఆ గది గీసేనాటికి తనెప్పుడూ వంట చెయ్యలేదని, ఇల్లు నడపలేదని. ఆవిడని తక్కువ చెయ్యడానికి ఈ మాట అనట్లేదు. వంట కూడా ఒక పనే, ఆ పని చేసే మనిషికీ నడుం నొప్పి పుడుతుంది అని లెక్కగా ఒప్పుకున్న మొదటి కొద్దిమందిలో ఆవిడ ఉంది, అది చాలా పెద్ద విషయం. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే ఆ గదిలో ఒక్కరే పట్టేవారు. పిల్లలు పక్కన కూర్చోడానికి లేదు, ఇంకొకరు వచ్చి చెయ్యి వెయ్యడానికి లేదు. ఇంట్లోవాళ్లంతా ఒక చోట, వండే మనిషి ఒక్కతీ ఆ గదిలో. వంట ఒక్కరి పని అని ముందే అనుకుని గీస్తే గది అలాగే వస్తుంది మరి.

అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అని ఒక ఇంజినీరు ఉండేది, 12 మంది పిల్లల్ని కన్న తల్లి. ఫ్యాక్టరీల్లో పనివాళ్లు చేతులు ఎలా కదుపుతున్నారు, ఎక్కడ వృథాగా వంగుతున్నారు అని చూసి సరిచేయడం ఆవిడ వృత్తి. 1920ల చివర్లో ఆ చూపుని వంటగది మీదికి తిప్పింది. ఒక కేకు చెయ్యడానికి 281 అడుగులు వెయ్యాల్సి వస్తుంటే, సామాన్లు అటుదిటు జరిపి 45 అడుగులకి దింపింది. కాలితో తొక్కితే మూత లేచే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపు లోపలి అరలు కూడా ఆవిడ ఆలోచనలే. నాకు అన్నిటికంటే నచ్చింది ఏంటంటే, 4,000 మందికి పైగా ఆడవాళ్లని అడిగి, స్టవ్ ఎంత ఎత్తులో ఉండాలి, సింకు ఎంత ఎత్తులో ఉండాలి అని కనుక్కుంది. వండే మనిషి ఎత్తుని బట్టి గట్టు ఎత్తు ఉండాలి అనేది ఆవిడ మాట. లోకం మిగతావన్నీ తీసుకుని ఆ ఒక్కటీ వదిలేసింది. పెద్ద ఎత్తున తయారుచేసేవాళ్లకి ఒకే కొలత కావాలి కాబట్టి అమెరికాలో గట్టు 36 అంగుళాల దగ్గర ఆగిపోయింది, పొట్టివాళ్లు పాదాలు ఎత్తుకోవాలి, పొడుగువాళ్లు వంగాలి. ఈ ఎత్తు సంగతికి మళ్లీ వస్తాను, గుర్తుంచుకోండి.

ఇక టీవీ. 1946లో బీబీసీలో ఫిలిప్ హార్బెన్, అదే ఏడు అమెరికాలో జేమ్స్ బియర్డ్, టీవీలో వంట చేసి చూపించిన తొలితరంవాళ్లు వీళ్లు. బ్రిటన్‌లో అప్పటికి యుద్ధం అయిపోయినా రేషన్ పోలేదు, 1954 దాకా ఉంది. అంటే తెర మీద వంట చూస్తున్న మనిషి ఇంట్లో గుడ్లు లెక్కపెట్టుకుంటోంది. ఆ రోజుల నుంచే ఉంది ఈ తేడా, అక్కడ ఉన్నది ఇక్కడ లేకపోవడం.

నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది జూలియా చైల్డ్ అనే అమెరికా టీవీ వంటావిడ గురించి. 1962లో ఆవిడ బోస్టన్‌లో ఒక పుస్తకాల కార్యక్రమానికి వెళ్లి, చిన్న హాట్‌ప్లేట్ పెట్టుకుని అక్కడికక్కడ ఆమ్లెట్ వేసి చూపించింది. చూసినవాళ్లు ఇంకా చూపించండి అని ఉత్తరాలు రాశారు. 1963లో ఆవిడ కార్యక్రమం మొదలైంది. అప్పుడామెకి యాభయ్యేళ్లు. ఆరడుగుల పైన పొడుగు, గొంతు ఒకసారి విన్నవాళ్లు మర్చిపోలేరు, టీవీకి కావలసిన మనిషి అని ఎవరూ అనుకోరు. ఆ ఛానెల్ స్టూడియో అంతకుముందు మంటల్లో కాలిపోయింది, అందుకని ఒక కరెంటు కంపెనీ వాళ్లు జనానికి ఎలక్ట్రిక్ స్టవ్‌లు చూపించడానికి పెట్టుకున్న వంటగదిలో షూటింగ్ చేశారు. టేపుని మధ్యలో ఆపి అతుకులు వెయ్యడం ఖర్చుతో పని, కాబట్టి దాదాపు మొత్తం ఒకేసారి తీసేసేవాళ్లు. ఏదైనా పడితే పడినట్టే, మాడితే మాడినట్టే.

ఒక ఎపిసోడ్‌లో బంగాళాదుంపతో చేసిన అట్టుని పెనం ఊపి గాల్లో తిరగెయ్యబోయింది. సగం పెనంలో పడింది, సగం స్టవ్ మీద పడింది. మీరు ఆ వీడియో చూడాలి. ఆవిడ మొహంలో కంగారు లేదు. నాకు తిరగేసే ధైర్యం చాల్లేదు, అందుకే ఇలా అయింది అని చెప్పి, పడిన ముక్కల్ని చేత్తో తీసి మళ్లీ పెనంలో సర్ది, వంటగదిలో మీరొక్కరే ఉన్నప్పుడు ఎవరు చూస్తారు అన్నట్టుగా మాట్లాడి పని కానిచ్చేసింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె తేలికవుతుంది. లక్షల మంది చూస్తుండగా ఒక మనిషి ఎవరు చూస్తారు అంటోంది. చూస్తున్న ప్రతి మనిషీ తన వంటగదిలో ఒక్కతే, ఒక్కడే ఉన్నాడు కాబట్టి ఆ మాట వాళ్లందరికీ సూటిగా తగిలింది. వీళ్లింట్లో కూడా పడతాయన్నమాట, వీళ్లు కూడా ఏరి మళ్లీ పెడతారన్నమాట అని.

ఆవిడ సొంత వంటగది సంగతి ఇంకా బావుంటుంది. భర్త పాల్ చైల్డ్ ఆవిడ ఎత్తుకి తగ్గట్టు గట్టుని 38 అంగుళాలకి కట్టించాడు, అందరికీ ఉండే 36 కంటే రెండంగుళాలు ఎక్కువ. గోడకి చిల్లుల బోర్డు కొట్టి, దాని మీద ఏ మూకుడు ఎక్కడ తగిలించాలో ఆ మూకుడు ఆకారం చుట్టూ గీత గీసి పెట్టాడు. ఇంటికొచ్చి సాయం చేసేవాళ్లెవరైనా వెతుక్కోకుండా ఎక్కడిదక్కడ పెట్టెయ్యొచ్చు. ఆఖరి రోజుల్లో ఆవిడ కార్యక్రమాలు కొన్ని ఆ ఇంటి వంటగదిలోనే తీశారు. 2001లో ఆవిడ ఆ గదిని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చేసింది, గరిటెలతో సహా విప్పి తీసుకెళ్లి వాషింగ్టన్‌లో మళ్లీ నిలబెట్టారు. వాడిన గది. గీతలు పడిన బల్ల, నల్లబడిన మూకుళ్లు. దేశం మొత్తానికి గుర్తుగా దాచుకోదగ్గ వంటగది ఏది అంటే మ్యూజియం వాళ్లు తీసుకెళ్లింది ఒక మనిషి నలభై ఏళ్లు వండిన గదిని. నా ఉద్దేశంలో వాళ్లు సరైనది ఎంచుకున్నారు.

దీనికి పూర్తిగా ఎదురు బ్రిటన్‌లో ఫానీ క్రాడక్ అనే టీవీ వంటావిడ. బాల్‌రూమ్ డ్యాన్సుకి వెళ్లేవాళ్లలా గౌను తొడుక్కుని, నగలు పెట్టుకుని వండేది. ఇరవై ఏళ్లు జనం చూశారు, భయపడుతూ చూశారు. 1976లో బీబీసీలో ఇంకో కార్యక్రమంలో, వంటల పోటీలో గెలిచిన ఒక రైతు భార్యకి మాజీ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ కోసం విందు వండే అవకాశం వచ్చింది. సలహా ఇవ్వడానికి క్రాడక్‌ని పిలిచారు. ఆ రైతు భార్య తను చెయ్యబోయేవి ఒక్కొక్కటీ చెబుతుంటే క్రాడక్ మొహం చిట్లించి, కళ్లు తిప్పి, వాంతి వస్తున్నట్టు అభినయించింది. చూసినవాళ్లు మండిపడ్డారు, ఫిర్యాదులు వెల్లువెత్తాయి, బీబీసీ ఆవిడతో కాంట్రాక్టు తెంచుకుంది. అన్నేళ్లు ఆ దర్పాన్ని సహించిన జనం అప్పుడు మాత్రం ఎందుకు సహించలేదు అంటే, అంతవరకూ ఆవిడ తెరలో ఉంది, మనం ఇవతల ఉన్నాం. ఆ రోజు మనలాంటి ఒక మనిషి ఆవిడ ఎదురుగా కూర్చుంది, ఆ చూపు తిన్నగా మన వంటగదిలోకి వచ్చి పడింది.

తర్వాత పోటీలు వచ్చాయి. 1990లో బ్రిటన్‌లో మాస్టర్‌షెఫ్, 1993లో జపాన్‌లో ఐరన్ షెఫ్, గంటలో వండాలి, గడియారం పరుగెత్తుతుంటుంది. అదే 1993లో అమెరికాలో రోజంతా వంటలే చూపించే ఛానెల్ వచ్చింది. వీటి గురించి నాకు పెద్దగా చెప్పేది లేదు, ఒక్కటి తప్ప. వంటగదిలోకి టెన్షన్ ఒక వినోదంగా వచ్చింది అప్పుడే. ఇంట్లో వండేవాళ్లకి ఆ గడియారం ఎప్పుడూ ఉంది, స్కూలు బస్సు రూపంలో, ఆఫీసు టైము రూపంలో. మన గడియారానికి చప్పట్లు లేవు, అంతే తేడా.

సరే, ఉల్లిపాయ దగ్గరికి వద్దాం. నేను చెప్పదలచుకున్నదంతా ఉల్లిపాయలో ఉంది.

మా కార్యక్రమంలో ఆ వంటావిడ మూకుట్లో నూనె పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేసి, "ఇవి బంగారు రంగు వచ్చేదాకా వేయించుకోవాలి" అనేది. కెమెరా ఆవిడ మొహం మీదికి వెళ్లేది. రెండు మాటలు మాట్లాడేది. కెమెరా మళ్లీ మూకుడు మీదికి వచ్చేసరికి ఉల్లిపాయ తేనె రంగులో మెరుస్తుండేది. ఆ రెండు మాటల మధ్యలో గట్టు వెనక వంగి కూర్చున్న నేను ఒక మూకుడు తీసేసి ఇంకో మూకుడు పెట్టేదాన్ని. ఒకే రకం మూకుళ్లు మూడు ఉండేవి మాకు. ఒకటి పచ్చివాటికి, ఒకటి సగం మగ్గినవాటికి, ఒకటి అయిపోయినవాటికి. మూడోదాన్ని నేను షూటింగ్‌కి గంట ముందు పొయ్యి మీద పెట్టేదాన్ని. సన్నటి మంట మీద నలభై నిమిషాలు పట్టేది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి, కొంచెం అంటుకుంటే చెంచాడు నీళ్లు చిలకరించి గీకాలి, మళ్లీ కలపాలి.

ఎందుకంత సేపంటే ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీళ్లే. ఆ తడి ఆవిరై పోయేదాకా ముక్కల వేడి 100 డిగ్రీలు దాటదు. రంగు, ఆ వాసన తెచ్చే మార్పు 140 డిగ్రీల దగ్గర జోరందుకుంటుంది. మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో దీని గురించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మంట పెంచితే అంచులు మాడతాయి, లోపల పచ్చిగానే ఉంటుంది. దీన్ని తొందరపెట్టే ఉపాయం నాకు మూడేళ్లలో దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు.

ఇంట్లో చూసే మనిషి ఏం చేస్తుంది? టీవీలో రెండు నిమిషాల్లో వచ్చిన రంగు తన మూకుట్లో పది నిమిషాలైనా రాకపోతే స్టవ్ బాలేదనుకుంటుంది, మూకుడు బాలేదనుకుంటుంది, చివరికి నా చెయ్యే బాలేదనుకుంటుంది. ఆ మూడో మాట వరకు రానివ్వకూడదు అని చెప్పడానికే ఇవాళ నేను ఇక్కడికి వచ్చాను. టీవీ వంటలో మనకి చూపించనివి రెండే రెండు, పట్టే సమయం, తోమే గిన్నెలు. ఆ రెండూ తీసేస్తే ఎవరి వంటగది అయినా అందంగా ఉంటుంది. మన చేతకానితనం అని మనం పొరబడేది ఆ రెండింటినే. ఒక్క ఇరవై నిమిషాల ఎపిసోడ్‌కి నేను తోమిన సామాన్లు ఒకసారి లెక్కపెట్టాను, ఆ గాజు గిన్నెలతో కలిపి డెబ్భై మూడు.

ఒకసారి ఆఫీసుకి ఫోన్ వచ్చింది. ఎత్తడానికి ఎవరూ లేక నేను ఎత్తాను. ఎవరో పెద్దావిడ, చాలా మర్యాదగా, "ఏమీ అనుకోకమ్మా, మీ మేడమ్ గారు వాడే కత్తి ఏ కంపెనీదో కనుక్కుని చెప్తావా, టమాటా అలా కాగితంలా తెగుతోంది, నా చేతికి ఎప్పుడూ అలా తెగదు" అంది. నేను చెప్పాను, "అమ్మా, కత్తిలో ఏం లేదు, రోజూ పొద్దున్నే నేను రాయి మీద పావుగంట పదును పెడతాను, అంతే" అని. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "అయితే రాయి కొనుక్కుంటే చాలా?" అంది. చాలమ్మా అన్నాను. పదును పెట్టడం ఎలాగో ఫోన్లోనే చెప్పాను, కత్తిని పడుకోబెట్టినట్టు వాలుగా పట్టుకోవాలి, రెండు వైపులా సమానంగా లాగాలి, తడి చేసుకోవాలి అని. మొద్దు కత్తితో ఎక్కువ బలం పెడతాం కాబట్టి అదే జారి వేలు తెగ్గొడుతుంది అని కూడా చెప్పాను. ఆవిడ అన్నీ రాసుకుంది, నేను చెప్పింది చెప్పినట్టు పైకి అంటూ రాసుకోవడం నాకు వినబడింది. ఆ మూడేళ్లలో నేను చేసిన పనుల్లో నాకు బాగా గుర్తున్నది ఆ ఫోనే.

అయితే ఈ కార్యక్రమాలు చూడొద్దని నేను అనను. నేనూ చూస్తాను. మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉంటారు, భార్య పోయి నాలుగేళ్లయింది. ఆయన వండుకునేది ఎప్పుడూ ఒకటే, తినేటప్పుడు మాత్రం టీవీలో వంటల కార్యక్రమం పెట్టుకుంటారు. మీరెప్పుడూ అవి వండరు కదండీ అని ఒకసారి అడిగితే, "వండడానికి కాదమ్మా, తినేటప్పుడు వంటింట్లో ఎవరో ఉన్నట్టు చప్పుడు వినబడుతుంటే అన్నం దిగుతుంది" అన్నారు. గరిటె చప్పుడు, నూనె చిటపట, ఎవరో మాట్లాడుతుండడం. అప్పటిదాకా నేను టీవీ వంటవాళ్లంటే నేర్పేవాళ్లు అనుకున్నాను. చాలామందికి వాళ్లు తోడు. వాళ్ల మీద మనకుండే ప్రేమ నిజమైనదే, ఒక గొంతు మన వంటగదిలో రోజూ వినబడితే అది ఇంటిమనిషి గొంతే అవుతుంది. అందుకే ఆ గొంతు మనల్ని చిన్నబుచ్చితే అంత నొప్పి.

నన్ను చాలామంది అడుగుతుంటారు, వంటగది కొత్తగా చేయిస్తున్నాం, ఏం పెట్టించమంటారు అని. ఏ రంగు, ఏ రాయి, ఏ తలుపులు అని వాళ్ల ఉద్దేశం. నేను ఒక్కటే చెబుతాను. ఎక్కువగా ఎవరు వండుతారో వాళ్లని నిలబెట్టి మోచేయి మడిచి నేల నుంచి కొలవండి, దానికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కిందకి గట్టు ఉండాలి. మిగతాదంతా మీ ఇష్టం. ఇద్దరు ముగ్గురు వండే ఇల్లయితే ఒక చోట కొంచెం ఎత్తు, ఒక చోట కొంచెం తక్కువ పెట్టించండి. గిల్‌బ్రెత్ అడిగింది ఇదే. ఇప్పటికీ చాలామంది అల్మారా తలుపులకి నెల రోజులు ఆలోచిస్తారు, గట్టు ఎత్తు మాత్రం మేస్త్రీకి వదిలేస్తారు, తర్వాత ఇరవై ఏళ్లు భుజం నొప్పికి మందు రాసుకుంటారు.

మా అమ్మ పొట్టి. మేమున్న ఇంటి గట్టు ఎవరో పొడుగువాళ్ల కోసం కట్టింది, మా అమ్మకి దాదాపు పొట్ట పైదాకా వచ్చేది. ఆవిడ ఒక పాత తలుపు చెక్క కోయించుకుని, రెండంగుళాల మందం ఉంటుంది, దాన్ని స్టవ్ ముందు కింద వేసుకుని దాని మీద నిలబడి వండేది. అటు జరిగితే కాలితో చెక్కని కూడా అటు జరుపుకునేది. ఆ చప్పుడు, చెక్క నేల మీద గీసుకునే చప్పుడు వింటే అమ్మ సింకు దగ్గరికి వెళ్లింది, అమ్మ పొయ్యి దగ్గరికి వచ్చింది అని మేం ముందు గదిలోంచే చెప్పేవాళ్లం. ఎవరైనా వస్తే అమ్మ ఆ చెక్కని గబగబా గట్టు కిందకి తోసేసేది, కనబడకుండా. ఎందుకమ్మా అంటే, చూస్తే ఏమనుకుంటారు అనేది.

అమ్మ పోయాక ఆ చెక్క నేను తెచ్చుకున్నాను. నా గట్టు నాకు సరిపోతుంది, చెక్క అవసరం లేదు, ఊరికే ఒక మూల నిలబెట్టి ఉంచాను. నా కూతురు నాకంటే నాలుగంగుళాలు పొడుగు. మొన్న వచ్చినప్పుడు వంట నేను చేస్తానంది, కాసేపు ఉల్లిపాయలు తరిగి, మెడ పట్టేస్తోందమ్మా అని వంచిన నడుం ఎత్తి చుట్టూ చూసింది. ఆ చెక్క తీసుకెళ్లి సబ్బు పెట్టి శుభ్రంగా కడిగి, తుడిచి, గట్టు మీద పెట్టింది. దాని మీద తరిగే పలక పెట్టుకుంది. వాళ్ల అమ్మమ్మ పాదాల అరుగుదలకి ఆ చెక్క మధ్యలో కొంచెం పల్లంగా ఉంటుంది, పలక ఊగుతుంటే కింద మసిగుడ్డ మడిచి పెట్టింది. ఊగడం ఆగింది. మళ్లీ తరగడం మొదలుపెట్టింది, ఈసారి నడుం నిటారుగా.

నేను పక్కన గిన్నెలు తోముతున్నాను. ఆ చెక్క ఇప్పుడు అక్కడే ఉంది, గట్టు మీద, అందరికీ కనబడేలాగ.

ఇంతే నేను చెప్పాలనుకున్నది. మీకేమైనా అడగాలని ఉంటే అడగండి, ఉల్లిపాయల గురించి అడిగినా సరే.